నాటు తుపాకియు ఆయుధ శాసనములును : పాళెగాండ్ర కాలము మొదలు నేటి వఱకు

క్రీ. శ. 1801వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన చెన్నపట్టణపు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రభువు ఒక ప్రకటనమును వెలువరించెను. దిండిగల్లు, తిరునెల్వేలి, రామనాథపురము, శివగంగ, మధుర సీమలలోని పాళెగాండ్రును వారి పరిజనులును ఇకమీద ఆయుధములు ధరింపరాదని దాని సారాంశము. అంతకు ముందు రెండేండ్లలో నడచిన రెండు యుద్ధముల ఫలమిది. ఆ పాళెగాండ్రలో పెక్కండ్రు తెలుగు మాటలాడు రాజకంబళము వారు. విజయనగర సేనల వెంటను, మధుర నాయకుల వెంటను దక్షిణమునకు వచ్చి యచ్చట స్థిరపడిన కుటుంబముల సంతతివారు. తమిళ దేశమున నేటికిని ఇంట తెలుగు మాటలాడుకొను వారి చరిత్రలో ఈ ప్రకటనము ఒక పెద్ద మలుపు. అంతవఱకు కావలివాని చేతి పనిముట్టుగను, వేటకాని జీవనాధారముగను, ఊరి కమ్మరి పనితనముగను ఉండిన తుపాకి, ఆ దినము నుండి సర్కారు అనుమతికి లోబడిన వస్తువయ్యెను.

ఆయుధమును ధరించుట, ఆయుధమును ఇంట నుంచుకొనుట, ఆయుధమును స్వయముగా చేసికొనుట - ఇవి మూడును వేఱు వేఱు విషయములు. చరిత్రకారులు మొదటి రెండింటిని గూర్చి విశేషముగా వ్రాసిరి. మూడవదానిని విచారించినవారు తక్కువ. కాని శాసనముల చరిత్రను వరుసగా పరిశీలించినచో, ధరించుటకును ఉంచుకొనుటకును ఏదో యొక రీతిని అనుమతి దొరకుచు వచ్చినను, ఇంట చేసికొనుట మాత్రము నానాటికి పూర్తిగా మూసివేయబడిన మార్గమని తేలును. ఈ మార్పు ఎట్లు జరిగెనో, అందు న్యాయమెంతయో, అన్యాయమెంతయో నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

నాటు తుపాకి - పేరు, పుట్టుక

తుపాకి యను మాట తుర్కీ భాషనుండి పారసీకము మీదుగా దక్కను భాషలలోనికి వచ్చినది. మాటతోపాటు వస్తువును పరదేశమునుండియే వచ్చెను. అయినను అది వచ్చిన కొలది కాలమునకే దేశీయమైపోయెను. 1520వ సంవత్సర ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు, కృష్ణదేవరాయల సేనా ప్రదర్శనమును వర్ణించుచు తుపాకులు పట్టిన భటులను పేర్కొనెను. ఆ సంవత్సరమే జరిగిన రాయచూరు యుద్ధమున పోర్చుగీసు తుపాకివాండ్రు రాయల పక్షమున నిలిచి కోట గోడపై నున్నవారిని కొట్టిరని నూనిజు వ్రాసినాడు.

మొదటి తుపాకులకు నిప్పు ముట్టించునది ఒక త్రాడు. దానిని జామగి యందురు. అందుచేత ఆ తుపాకికి జామగి తుపాకి యని పేరు. తరువాతి కాలమున జామగి పోయి వేఱు సాధనములు వచ్చినవి గాని, మూతి నుండి మందును కూరు పద్ధతి పల్లెలలో మాఱలేదు. తెలంగాణమున దీనికి బర్మారు అని పేరు. నింపి కొట్టునది యని హిందూస్థానీలో దాని కర్థము. ఆంధ్ర దేశమున ఎక్కువ చోట్ల నాటు తుపాకి యనియే వ్యవహారము. 'నాటు' అను విశేషణము గమనింపదగినది. నాటు కోడి, నాటు వైద్యము, నాటు బండి వలెనే ఇదియు ఊరిలో పుట్టినది, ఊరివారు ఎఱిగినది, కర్మాగారపు ముద్ర లేనిది యని జనుల భావము.

ఇట్టి వస్తువును చేయుటకు వలసిన లోహవిద్య తెలుగుదేశమున కొఱవడి యుండలేదు. నేటి నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున తయారైన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ ఉక్కు చేయు విధమును పంతొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున హెన్రీ వాయ్సీ కన్నులార చూచి వ్రాసెను. నిర్మలలో ఫిరంగులు పోతపోసిరి. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండు 1795 ప్రాంతమున నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా పేరు గన్ఫౌండ్రీ యని నేటికిని ఒక పేటకు నిలిచి యున్నది. కాని ఇవి రాజుల కార్ఖానాలు. 1798లో నిజాముతో చేసికొన్న సంధి ననుసరించి ఇంగ్లీషువారు ఆ ఫ్రెంచి దళమును నిరాయుధము చేసిన విధముననే, ఒక సంతకముతో రాజుల కార్ఖానాలను మూయింపవచ్చును. ఊరూర నున్న కమ్మరి కొలిమి సంగతి వేఱు. అది నాగటి కఱ్ఱును చేసిన చేతులతోనే ఈటెను చేయును. బండిపట్టా వేసిన చేతులతోనే తుపాకిని బాగుచేయును. పరిపాలకులకు మిక్కిలి చిక్కు తెచ్చినది ఈ కొలిమియే.

పాళెములలో ఆయుధము

మధుర నాయక రాజ్యమున విశ్వనాథ నాయకుని కాలమున డెబ్బది రెండు పాళెము లేర్పడెనని సంప్రదాయము. పాళెగానికి భూమి యుండెను, దానితోపాటు కావలి బాధ్యత యుండెను. ఊరి కావలికి స్థలకావలి యనియు, సీమ కావలికి దేశకావలి యనియు పేర్లు. దొంగతనము జరిగినచో సొత్తును రాబట్టుటయో, నష్టపరిహార మిచ్చుటయో కావలివాని విధి. దానికి ప్రతిఫలముగా రైతులు కావలి రుసుము చెల్లించుచుండిరి. కావున పాళెగాని బంటు చేతిలో ఆయుధ ముండుట దౌర్జన్యమునకు గుర్తు గాక ఉద్యోగమునకు గుర్తుగా నుండెను. రుసుము ఒత్తిడి చేసి గుంజిన పాళెగాండ్రు లేకపోలేదు. వారిని గూర్చి రైతులకు మొఱలును ఉండెను. కాని వ్యవస్థకు మూలము మాత్రము రక్షణమే.

ఆయుధములు కొంత దేశీయముగా తయారగుచుండెను. కొంత సముద్రతీరపు పరదేశీయుల వలన లభించుచుండెను. 1783లో కర్నలు ఫుల్లార్టను పాంచాలంకురిచ్చి కోటను పట్టుకొనినపుడు, కట్టబొమ్మ వంశమువారు డచ్చివారితో చేసికొన్న యొడంబడిక పత్రము అచ్చట దొరకెను. కుంపిణీవారి కనుమానము కలుగుటకు ఇది చాలును. 1799 సెప్టెంబరున మేజరు బానర్మను పాంచాలంకురిచ్చిపై దండెత్తెను. వీరపాండ్య కట్టబొమ్మ నాయకుని అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీసిరి. 1801 ఫిబ్రవరిలో అతని తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెఱనుండి తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన కోటను కొలది దినములలో మరల మట్టితో లేపెను. మార్చి నెలలో ఇంగ్లీషువారు చేసిన మొదటి ముట్టడి విఫలమయ్యెను. ఆ యుద్ధమున పాల్గొన్న జేమ్సు వెల్షు, కోటలోనివారు పొడవైన ఈటెలతో గండి నెదుర్కొన్న ధైర్యమును తన గ్రంథమున మెచ్చుకొనినాడు. మే 24వ తేదీన కోట పడెను. ఆ సంవత్సరము ముగియక మునుపే నిరాయుధీకరణ ప్రకటనము వచ్చెను.

1803లో శాశ్వత పరిష్కారము వచ్చి, మిగిలిన పాళెగాండ్రు జమీందారు లైరి. కోటలు పోయెను, కావలి రుసుములు పోయెను. కావలి పని పోలీసు పనియై సర్కారు చేతికి పోయెను. అందుచేత బంటునకు ఆయుధమే గాదు, ఆయుధముతో ముడివడిన జీవనోపాధియు పోయెను. నిరాయుధీకరణమును కేవలము యుద్ధనీతిగా చూచువారు ఈ రెండవ నష్టమును గుర్తింపరు. వంశ గౌరవమును గూర్చిన కథలు, కట్టబొమ్మను గూర్చిన పాటలు నిలిచెను. ఈటెను సానబట్టిన కమ్మరిని గూర్చి ఏ పాటయు పుట్టలేదు.

హలగలి బేడరులు

తెలుగునాట బోయలనియు, కన్నడ నాట బేడరులనియు పిలువబడు వేటజాతులకు తుపాకి గురిలో గొప్ప ప్రసిద్ధి. 1705లో ఔరంగజేబు చక్రవర్తి తన కడపటి ముట్టడిని సాగించినది నేటి యాదగిరి జిల్లాలోని వాగినగేరిపైననే. అచ్చటి బేడర నాయకుని తుపాకివాండ్రు మొగలాయి సేనను నెలల తరబడి ఆపిరి. తరువాత వారి సురపుర సంస్థానము 1858 వఱకు నిలిచెను.

ఇట్టి జాతికి ఆయుధము నప్పగింపుమని చెప్పుట యేమగునో 1857లో కనబడెను. ఆ యేడు ఉత్తర హిందూస్థానమున సిపాయిల తిరుగుబాటు చెలరేగగా, ప్రజల యొద్ద ఆయుధములను నమోదు చేయించి రాబట్టుటకు 28వ ఆక్టు పుట్టెను. ముధోళు సంస్థానములోని హలగలి గ్రామపు బేడరులు తమ ఆయుధముల నిచ్చుటకు నిరాకరించిరి. వారికి రాజ్యమును స్థాపింపవలెనను కోరిక లేదు. సిపాయిలతో సంబంధమును లేదు. ఆయుధము లేనిదే వేట లేదు, కావలి లేదు, కూడు లేదు అనునదే వారి వాదము. నవంబరు చివర కుంపిణీ సేన గ్రామమును చుట్టుముట్టి నిప్పంటించెను. పట్టుబడినవారిలో పలువురను డిసెంబరులో ముధోళులోను, హలగలిలోను ఉరితీసిరి. ఈ వృత్తాంతము కన్నడమున లావణిగా నిలువగా, ఫ్లీటు దొర దానిని సేకరించి ప్రకటించెను. ఆయుధ శాసనము నెదిరించుటయే ముఖ్య కారణముగా ఒక గ్రామము తిరుగబడిన ఉదాహరణములు భారత చరిత్రలో అరుదు.

1878వ సంవత్సరపు శాసనము

1860లో 31వ ఆక్టును, తరువాత లిట్టను ప్రభువు కాలమున 1878వ సంవత్సరపు 11వ ఆక్టును వచ్చెను. ఈ కడపటిదే ఎనుబది సంవత్సరములకు పైగా దేశమును పాలించిన ఆయుధ శాసనము. ఆ యేడే పుట్టిన దేశభాషా పత్రికల శాసనమును రిప్పను ప్రభువు 1882లో రద్దుచేసెను. ఆయుధ శాసనము మాత్రము కదలలేదు.

ఈ శాసనమున ఆయుధమనగా తుపాకి మాత్రమే గాదు. కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, తుదకు విల్లమ్ములును నిర్వచనమున చేరెను. ఆయుధముల భాగములును, ఆయుధములు చేయు యంత్రములును అందు చేరెను. కావున చెంచువాని విల్లును, దొర చేతి రైఫిలును శాసన దృష్టిలో ఒకే పేరు గలవి యయ్యెను. అయితే ఎల్ల సెక్షనులును ఎల్ల తావులను ఒకే రీతిగా అమలు కాలేదు. ఎవరిని, ఏ ప్రాంతమును వదలిపెట్టవలెనో నిర్ణయించు అధికారమును ప్రభుత్వము తనయందే యుంచుకొనెను. ఐదవ సెక్షను లైసెన్సు లేక ఆయుధములను తయారుచేయుటను, మార్చుటను, విక్రయించుటను నిషేధించెను. అతిక్రమించినవారికి మూడేండ్ల వఱకు చెఱ. ఇంటి కొఱకు చేసినను, అంగడి కొఱకు చేసినను నేరమే.

శాసనము వలన కలిగిన రోషమునకు ముఖ్య హేతువు ఈ నిషేధము గాదు, మినహాయింపులు. ఐరోపావారికిని, యూరేషియనులకును లైసెన్సు అక్కఱలేదు, దేశీయునకు కావలెను. ఒకే ఊరిలో, ఒకే అడవి యంచున, ఒకే పులికి వెఱచి బ్రదుకు ఇద్దఱిలో ఒకడు జన్మచేత నమ్మదగినవాడు, ఇంకొకడు జన్మచేత అనుమానింపదగినవాడు అయ్యెను. 1887లో బద్రుద్దీను త్యాబ్జీ అధ్యక్షతను చెన్నపట్టణమున జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ శాసనమును సవరింపవలెనని తీర్మానించెను. 1920వ సంవత్సరపు నియమములతో జాతిభేదమును తొలగింప బ్రయత్నించునప్పటికి నలుబది సంవత్సరములు గడచెను.

కొడగు మినహాయింపు

కర్ణాటక ప్రాంతమున నివసించు తెలుగువారికి పొరుగుననే ఈ మినహాయింపు నీతికి ఒక సజీవ సాక్ష్య మున్నది. 1857లో కొడవలు ఇంగ్లీషువారి యెడ విశ్వాసముగా నుండినందులకు 1861 ఫిబ్రవరిలో చీఫ్ కమిషనరు మార్కు కబ్బను వారిని నిరాయుధీకరణ శాసనము నుండి మినహాయించెను. కొడవ జాతివారికిని, కొడగులో జమ్మా భూములు గలవారికిని ఈ హక్కు స్వతంత్ర భారతమునను కొనసాగెను. 2019లో భారత ప్రభుత్వము దానిని మఱి పదేండ్లు పొడిగించెను. 2021లో కర్ణాటక హైకోర్టు దాని చెల్లుబాటును సమర్థించెను. కొడవ గృహములలో కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకిని పూవులతో పూజింతురు. మగబిడ్డ పుట్టినచో ఒక తూటా, ఇంటివాడు గతించినచో రెండు తూటాలు కాల్చు ఆచార మున్నది.

దీనిని హలగలితో పోల్చి చూడవలెను. ఆయుధమును ప్రేమించుటలోను, పూజించుటలోను కొడవలకును బేడరులకును భేదము లేదు. శాసనమునకు లోబడకపోవుట ఒకరికి ఉరిత్రాడయ్యెను. రాజభక్తి ఇంకొకరికి మినహాయింపయ్యెను. పదునెనిమిదవ శతాబ్దపు పాళెగానికిని, పంతొమ్మిదవ శతాబ్దపు ప్రజకును ఆయుధము హక్కుగా గాక బహుమానముగా మాఱిన తీరు ఈ రెండు ఉదాహరణముల వలన స్పష్టమగుచున్నది. అయినను కొడవల మినహాయింపు సైతము లైసెన్సు విషయమున లభించినదే గాని, ఇంట తుపాకిని చేసికొను స్వేచ్ఛ గాదు.

మన్యము, తెలంగాణము

1936 వఱకు జయపురము, మల్కనగిరి ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలోనివి. కావున నేటి ఒడిశాలోని ఆ సీమకును, గోదావరి మన్యమునకును శాసన చరిత్ర ఒకటియే. 1878 శాసనము పుట్టిన మఱుసటి సంవత్సరముననే రంప తిరుగుబాటు లేచెను. కల్లు పన్నును, మన్సబుదారుని దౌర్జన్యమును దానికి కారణములు. 1880లో అది తమ్మన్న దొర నాయకత్వమున మల్కనగిరికిని వ్యాపించెను.

నలుబది యేండ్ల తరువాత అల్లూరి సీతారామరాజు చేసిన పని ఆయుధ చరిత్ర దృష్ట్యా మిక్కిలి గమనింపదగినది. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అతడు దాడిచేసి మొత్తము 26 తుపాకులను, రమారమి 2,500 తూటాలను తీసికొనెను. కొండలలో నాటు తుపాకులు, విల్లమ్ములు లేక కాదు. సర్కారువారి రైఫిళ్లకు అవి చాలవు. ఇంట చేసిన తుపాకి పందిని తఱుమును, పంటను కాచును, సైన్యము నెదిరింపలేదు. 1924 మే 7వ తేదీన రాజు మరణముతో ఉద్యమము ముగింపునకు వచ్చెను. తెలంగాణమున 1947 సెప్టెంబరు 11వ తేదీన సాయుధ పోరాటమునకు పిలుపు వచ్చినపుడును వడిసెలలు, బర్మారులు పల్లెలలో మొదట చేత నున్న ఆయుధములు. వానితోనే మొదలిడి పిదప మెఱుగైన తుపాకులను ఎదుటివారి యొద్దనుండి సంపాదింపవలసి వచ్చెను. ఇంటి తుపాకిని గూర్చి పరిపాలకు లెంత వెఱపు చూపినను, దానివలన రాజ్యములు కూలలేదని చరిత్ర చెప్పుచున్నది. శాసనము వెఱచినది ఆ గొట్టమునకు గాదు. అనుమతి అడుగక దానిని చేయగల చేతికి.

హక్కా, అనుమతియా?

ఆయుధ శాసనమును జాతీయ నాయకులు అవమానముగా భావించిరి. 1930లో గాంధీ మహాత్ముడు ఇర్విను ప్రభువు ముందుంచిన పదునొకండు కోరికలలో కడపటిది, ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ప్రజాధికారమునకు లోబడి ఇయ్యవలెననునది. అహింసావ్రతుడైన మహాత్ముడు ఈ కోరికను పట్టికలో చేర్చుట కొందఱి కాశ్చర్యము గొలుపవచ్చును. హింసను మానుట వేఱు, హింసకు శక్తి లేకుండ చేయబడుట వేఱు అని ఆయన భావము. 1931 కరాచీ తీర్మానపు ప్రాథమిక హక్కులలో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చిరి.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ ప్రశ్న రాజ్యాంగ సభ ముందునకు వచ్చెను. 1948 డిసెంబరున హెచ్. వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణను ప్రతిపాదించెను. డాక్టరు అంబేద్కరు అంగీకరింపలేదు. స్వరాజ్యమున ఎల్లరకును విచక్షణ లేక ఆయుధహక్కు నిచ్చుట క్షేమము గాదని ఆయన వాదించెను. సవరణ వీగిపోయెను. ఆయుధములు లేక శాంతియుతముగా సమావేశమగు హక్కు మాత్రము 19వ అధికరణమున నిలిచెను. కరాచీ తీర్మానమునకును రాజ్యాంగమునకును నడుమ నున్న ఈ భేదము వెనుకంజ యని కొందఱందురు. పరుల పాలనలో కోరినది ఆత్మగౌరవము కొఱకు. స్వపాలనలో మానినది పరస్పర రక్షణము కొఱకు అని సమాధానము చెప్పుకొనవచ్చును.

నేటి శాసనము

1878 శాసనమునకు బదులుగా పార్లమెంటు 1959వ సంవత్సరపు 54వ ఆక్టును చేసెను. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. నియమములు మొదట 1962లోను, పిదప 2016లోను వెలువడెను. ఇందలి విశేషములు తెలుగు కుటుంబములు, ముఖ్యముగా పొలములును పాత యిండ్లును గలవారు, తెలిసికొనదగినవి.

మొదటిది, విల్లమ్ములు, ఈటెలు, కత్తులు మునుపటివలె ఎల్లెడల లైసెన్సునకు లోబడవు. ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రాంతములలోనే వానికి లైసెన్సు కావలెను. వ్యవసాయమునకును ఇంటి పనికిని మాత్రమే యుద్దేశింపబడిన కొడవలి, కత్తిపీట వంటివి ఆయుధములే కావు. దసరాకు పూజించు కుటుంబపు ఈటెపై నూఱేండ్లకు పైగా నుండిన అనుమానము చాలవఱకు తొలగెను.

రెండవది, నాటు తుపాకి జాతికి శాసనమున ఒక గౌరవ స్థానము దొరకెను. 13వ సెక్షనునందు, నిజముగా పంటను కాచుకొనుటకై మూతినుండి మందు కూరు తుపాకిని కోరిన పౌరునకు లైసెన్సు ఇయ్యవలెనని యున్నది. శత్రువు చేతి ఆయుధముగా ఒకనాడు నిషేధింపబడినది, రైతు చేతి పనిముట్టుగా తిరిగి శాసనమున ప్రవేశించెను. కాని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటపై ఆంక్షలు పెట్టెను; 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమయ్యెను. పంటకాపరి లైసెన్సు వేట లైసెన్సు గాదు. అభయారణ్యమునకు పది కిలోమీటరుల లోపల నివసించు లైసెన్సుదారు తన తుపాకిని అటవీశాఖ యొద్ద నమోదు చేయింపవలెను.

మూడవది, చేయుటకు సంబంధించినది. ఐదవ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకిని తయారుచేయుటయే గాదు, మార్చుట, మరమ్మతు చేయుట, పరీక్షించుటయు నేరము. ఆఱవ సెక్షను తుపాకి గొట్టమును కుఱుచ చేయుటను, బొమ్మ తుపాకిని నిజమైనదిగా మార్చుటను నిషేధించుచున్నది. తన కొఱకే, తన పొలము కొఱకే, వినోదము కొఱకే చేసితినను సమాధానము చెల్లదు. మునుపు మూడేండ్ల వఱకు నుండిన శిక్ష క్రమముగా పెరిగి, 2019 సవరణతో ఏడేండ్లకు తక్కువ గాక యావజ్జీవము వఱకు పోవుచున్నది. ఆ సవరణయే ఒక లైసెన్సుదారుడు ఉంచుకొనదగిన తుపాకులను మూడింటినుండి రెంటికి తగ్గించెను.

ఈ కాఠిన్యమునకు హేతువు లేకపోలేదు. కర్మాగారమున పుట్టిన తుపాకికి సంఖ్య యుండును, పరీక్షా ముద్ర యుండును. నేరము జరిగినచో అది ఎవరిదో తెలియును. ఇంట పుట్టినదానికి పేరు లేదు, ఊరు లేదు. పరీక్షింపని గొట్టము పగిలినచో మొట్టమొదట గాయపడువాడు దానిని భుజమున నానించినవాడే. బీహారులోని ముంగేరు చరిత్ర ఇందుకు ఉదాహరణము. పదునెనిమిదవ శతాబ్దమున మీర్ కాసిము నెలకొల్పిన ఆయుధశాల వలన అచ్చట పనితనము పుట్టెను. లైసెన్సు పొందిన కర్మాగారములలో అది గౌరవమైన వృత్తిగా నిలిచెను. చాటున చేసిన చోట్ల అదే పనితనము దేశమంతటను నేరగాండ్ర చేతులకు ఆయుధముల నందించెను. చేయి ఒకటియే, అనుమతి యున్నచోట పరువు, లేనిచోట చెఱ.

అమెరికాలోని భిన్న మార్గము

ఈ నిషేధము లోకమంతట ఒకే రీతిగా లేదు. లక్షలకొలది తెలుగువారు స్థిరపడిన అమెరికాలో ఇంట తుపాకి చేసికొనుట ఒక వినోదముగా పెరిగెను. 1968 నాటి సమాఖ్య శాసనము వ్యాపారముగా చేయువానికే లైసెన్సును విధించెను. శాసనరీత్యా తుపాకి నుంచుకొనదగినవాడు తన సొంతమునకు, నిషిద్ధము గాని రకమును చేసికొనుటకు లైసెన్సు నడుగలేదు. ఇరువదియొకటవ శతాబ్దమున భాగముల పెట్టెలను తెప్పించుకొని కూర్చుకొనుట సులువై, సంఖ్య లేని తుపాకులు నేరములలో కనబడసాగెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2018 నుండి ఇంట చేసిన తుపాకికిని సంఖ్య నడిగి వేయించుకొనవలెనని నిర్బంధించెను. 2022లో సమాఖ్య ప్రభుత్వము అట్టి పెట్టెలను తుపాకులుగానే ఎంచు నియమమును చేయగా, 2025 మార్చి 26వ తేదీన అచ్చటి సుప్రీము కోర్టు ఆ నియమమును నిలిపెను. స్వేచ్ఛనుండి బయలుదేరిన ఆ దేశమును, నిషేధమునుండి బయలుదేరిన ఈ దేశమును, ఊరు పేరు లేని తుపాకిని గూర్చిన ఒకే భయముతో ఒకదానికొకటి కొంత చేరువగుచున్నవి.

ముగింపు

రెండు వందల యేండ్ల ఈ చరిత్రలో రెండు విషయములను వేఱుచేసి చూడవలెను. ఆయుధమునకు కట్టడి యుండుట అన్యాయము గాదు; జాతిని బట్టి, విశ్వాసమును బట్టి ఒకరికి కట్టడియు, ఒకరికి వదలింపును ఉండుట అన్యాయము. 1801లో పాళెగాని బంటును, 1857లో హలగలి బేడరిని, 1878 తరువాత ప్రతి దేశీయుని బాధించినది ఈ రెండవదియే. 1959 శాసనము చేయువానికి విడుదల నియ్యలేదు. కొడగు వంటి మినహాయింపులు మిగిలినను, జాతిభేదము సాధారణ నియమముగా నుండుటను మాత్రము అది తొలగించెను. తుపాకిని ఇంట చేసికొను స్వేచ్ఛ పోయినందులకు విచారింపవలసిన పని లేదు. దానిని చేసిన పనివారి స్మృతి పోవుట మాత్రము నష్టము.

కావున ఈ చరిత్ర గల కుటుంబములకు రెండు కర్తవ్యము లున్నవి. తాతల నాటి తుపాకి అటకమీద నున్నచో అది స్మారకమే గదా యని ఊరకుండరాదు. బాగుచేసినను చేయకున్నను పేలుటకు పనికిరానట్టి ప్రాచీన ఆయుధములను 45వ సెక్షను శాసనమునుండి వదలినది; బాగుచేసినచో పేలునది మాత్రము ఎంత పాతదైనను తుపాకియే. లైసెన్సుదారుడు గతించినపుడు వారసులు ఆ తుపాకిని పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల వర్తకుని యొద్దనో ఉంచి, తమ పేర లైసెన్సునకు దరఖాస్తు చేయవలెను. తెలియక చేసిన తప్పునకు వంశ గౌరవము అడ్డుపడదు.

రెండవది, పెద్దల నోట మిగిలిన వృత్తాంతములను వ్రాసి యుంచుట. ఏ ఊరి కమ్మరి ఎవరికి ఏమి చేసెను, ఏ కావలి ఎవరిది, ఏ యేట ఎవరు ఆయుధము నప్పగించిరి - ఇట్టివి సర్కారు దస్తావేజులలో దొరకవు. 1801లో నేలమట్టమైన పాంచాలంకురిచ్చి కోట స్థానమున 1974లో తమిళనాడు ప్రభుత్వము స్మారక మందిరమును కట్టించెను. నాయకునకు అట్లు మందిరము దొరకెను. ఈటెను చేసిన కమ్మరికిని, దానిని పట్టిన బంటునకును, వారి మాటను ఇంకను ఇంట పలుకుచున్న తెలుగు కుటుంబములు వ్రాసి యుంచు నాలుగు పుటలే మందిరము కావలెను.